నొప్పి పుట్టేదాకా ఆగకండి

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ‘సెన్స్’ అని పిలిచే నానో సైన్స్ కేంద్రం ఒకటుంది. అక్కడి క్లీన్‌రూమ్‌లో చిప్పుల మీద పనిచేసే పిల్లలకు ఈ యాసిడ్ కొత్తేమీ కాదు. పొడవైన పేరు వదిలేసి అందరూ హెచ్‌ఎఫ్ అంటారు. సిలికాన్ వేఫర్ మీద పేరుకున్న ఆక్సైడ్ పొరను తీసెయ్యడానికి దీన్నే వాడతారు. టెఫ్లాన్ పాత్రలో హెచ్‌ఎఫ్ పోసి, వేఫర్‌ని పట్టకారుతో ముంచి తీస్తారు. ఆక్సైడ్ ఇంకా మిగిలి ఉంటే వేఫర్‌కి తడి అంటుకునే ఉంటుంది. పొర మొత్తం పోయిందంటే తామరాకు మీంచి జారినట్టు ద్రవం జారిపోయి, వేఫర్ పొడిగా పైకొస్తుంది. పని అయిపోయిందని అంత స్పష్టంగా కళ్లకు కనిపిస్తుంది.

మన చర్మం అంత స్పష్టంగా చెప్పదు. ఈ యాసిడ్‌తో వచ్చే చిక్కంతా అక్కడే.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్క పడితే చురుక్కుమంటుంది, చెయ్యి దానంతటదే కొళాయి కిందికి పోతుంది. హెచ్‌ఎఫ్ పడినప్పుడు తెలియడం దాని గాఢతను బట్టి ఉంటుంది. 50 శాతం దాటితే నొప్పి వెంటనే పుడుతుంది. 20 నుంచి 50 శాతం మధ్యలో అయితే గంట నుంచి ఎనిమిది గంటల దాకా ఏమీ అనిపించకపోవచ్చు. 20 శాతం లోపైతే ఒక్కోసారి 24 గంటల తర్వాత గానీ మంట మొదలవదు. ల్యాబుల్లో కనిపించే సీసాలు ఎక్కువగా 40 నుంచి 49 శాతంవి. అంటే మధ్యాహ్నం మూడింటికి మణికట్టు మీద పడ్డ చుక్క, రాత్రి మత్తికెరె పీజీలో అన్నం తిని పడుకున్నాక మిమ్మల్ని నిద్ర లేపుతుంది. అప్పటికి అది చర్మం దాటి ఎముక దాకా దిగి ఉండవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటాం గానీ, ఇక్కడ చేతులు కాలాయన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లంతా హెచ్‌ఎఫ్‌ని బలహీన ఆమ్లాల పట్టికలో చూసే ఉంటారు. నీళ్లలో కొద్దిగానే అయాన్లుగా విడిపోతుంది కాబట్టి ఆ లెక్క సరైనదే. ప్రమాదం కూడా అందులోనే ఉంది. విడిపోని అణువుకు విద్యుదావేశం ఉండదు, అందుకే చర్మపు పొరల్లోంచి సులువుగా దూరిపోతుంది. లోపలికి వెళ్లాక ఫ్లోరైడ్‌ని వదులుతుంది, ఆ ఫ్లోరైడ్ దొరికిన కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టేసుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. బాగా గాఢమైన హెచ్‌ఎఫ్ ఒంటి మీద రెండున్నర శాతం చోటులో పడినందుకే మనుషులు చనిపోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. వేళ్లతో కలిపి మన అరచెయ్యి ఒంట్లో దాదాపు ఒక శాతం. రెండున్నర అరచేతులంత మేర, అంతే.

ఈ యాసిడ్ సంగతి ప్రపంచానికి తెలియక కాదు. దీన్నుంచి ఫ్లోరిన్‌ని విడదీసే ప్రయత్నంలో 19వ శతాబ్దంలోనే రసాయనవేత్తలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1886లో ఆ పని సాధించిన హెన్రీ మోయిసాన్‌కి 1906లో నోబెల్ వచ్చింది. ఇంత జరిగాక కూడా 1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ల్యాబ్ టెక్నీషియన్ రాతి నమూనాలను 70 శాతం హెచ్‌ఎఫ్‌తో కరిగిస్తూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే దాన్ని తొడల మీద ఒలకబోసుకున్నాడు. ఒలికింది 100 నుంచి 230 మిల్లీలీటర్ల మధ్య ఉంటుందని అంచనా. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, ఒళ్లో ఏప్రాన్ లేదు. ఎమర్జెన్సీ షవర్ లేదు. హెచ్‌ఎఫ్‌కి విరుగుడుగా చర్మానికి రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేదు. దొరికిన గొట్టంతో కడుక్కుని, ఆవరణలో ఉన్న ఈత కొలనులోకి దిగి, అంబులెన్స్ వచ్చేదాకా అందులోనే ఉన్నాడు. డాక్టర్లు ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. 15 రోజులకు చనిపోయాడు. ఆ గదిలో లేని వస్తువుల జాబితా మరోసారి చదవండి. వాటిలో ఏదీ ఖరీదైనది కాదు, ఏదీ దొరకనిది కాదు. ఎవరో ఒకరు ముందే అడిగి ఉంటే సరిపోయేది.

కెమిస్ట్రీ ఇంతవరకు చాలు. ఇక మనిషి సంగతి.

వ్యక్తిత్వం గురించి రాసే పుస్తకాలు ధైర్యం, చొరవ, రిస్కు తీసుకోవడం గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. ల్యాబులో మనిషికి ఎదురయ్యే పరీక్ష వేరే రకం. ఏ బాధా లేనప్పుడు, చుట్టూ అంతా మామూలుగా నడుస్తున్నప్పుడు, కేవలం తనకు తెలిసినదాన్ని బట్టి కదలగలడా లేదా అన్నదే ఆ పరీక్ష. నొప్పి పుడితే ఎవరైనా పరిగెడతారు. ఏమీ అనిపించకపోయినా పని ఆపేసి, నలుగురూ చూస్తుండగా సూటు విప్పి షవర్ కింద నిలబడటానికి గుండె నిబ్బరం కావాలి. అది పుట్టుకతో వచ్చేది కాదు, సాధనతో వస్తుంది. కాబట్టే దీని గురించి రాస్తున్నాను.

మన పిల్లల్ని ఆపేది ఎక్కువగా మొహమాటమే. కడప నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన అమ్మాయిని ఊహించుకోండి. క్లీన్‌రూమ్‌లోకి అనుమతి దొరకడానికే శిక్షణ పూర్తి చేసి, పరీక్ష రాసి, వారాల తరబడి ఎదురుచూసింది. ఇవాళ యాసిడ్లతో పనిచేసే వెట్ బెంచి స్లాట్ తనది. తర్వాతి వాళ్లు అద్దం బయట గౌన్లు తొడుక్కుంటున్నారు. వేఫర్ తీస్తుంటే గ్లవ్ పైఅంచు దగ్గర తడి తగిలినట్టు అనిపించింది. అది నీళ్లా, హెచ్‌ఎఫ్ఫా? తెలియదు. మంట లేదు. ఇప్పుడు గోల చేశాక నీళ్లేనని తేలితే? పక్కనున్న సీనియర్ నవ్వితే? అనుమతి తీసేస్తే? గైడు ఏమనుకుంటారు? ‘ఏమీ కాదులే’ అనుకుని ఆ అమ్మాయి పని కొనసాగిస్తుంది. పది సార్లలో తొమ్మిది సార్లు నిజంగానే ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ తొమ్మిది సార్లూ ఆమెకు తప్పు పాఠమే నేర్పుతాయి.

ఆ అమ్మాయికి నేను చెప్పేది ఒక్కటే. ఏ ద్రవమో తెలియనప్పుడు అది హెచ్‌ఎఫ్ కిందే లెక్క. నీళ్లేనని తర్వాత తేలితే పోయేది ఒక స్లాటు, ఒక వేఫర్. అవి మళ్లీ దొరుకుతాయి. నోరు తెరిచి చెప్పడం కూడా ముందే సాధన చేయాల్సిన పనే. కంగారులో మాటలు రావు, వచ్చినా సాగదీస్తాం. ‘అంటే సార్, ఏం లేదు గానీ, కొంచెం పడినట్టుంది’ అన్న వాక్యం ఎవర్నీ కుర్చీలోంచి లేపదు. ‘నా కుడి మణికట్టు మీద 49 శాతం హెచ్‌ఎఫ్ పడింది, ఇప్పుడే, నాకు సాయం కావాలి’ అనండి. ఎక్కడ, ఏది, ఎప్పుడు, ఏం కావాలి. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని పైకి అని చూసుకోండి. ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో చెప్పాల్సి వస్తుందేమో, అలా కూడా అని చూసుకోండి. సెమినార్‌కి నాలుగు సార్లు రిహార్సల్ చేసుకునేవాళ్లం, దీనికి ఎందుకు చేసుకోకూడదు?

సీనియర్లకూ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జూనియర్ నోరు తెరవడం సగం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఎవరైనా వచ్చి ‘పడింది’ అంటే మీ నోట్లోంచి మొదట రావాల్సిన ప్రశ్న ‘ఎక్కడ పడింది?’ ‘ఎలా పడేశావు?’ అన్న ప్రశ్న మర్నాటికి దాచుకోండి. ఒక్కసారి మీరు ముఖం చిట్లించారంటే ఆ గదిలో ఉన్న ఐదుగురూ ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకుంటారు. తర్వాతి చుక్క గురించి మీకు ఎవరూ చెప్పరు. నీళ్లేనని తేలినా సరే, ‘మంచి పని చేశావు’ అని అందరి ముందూ అనండి. ల్యాబుని నడిపే గైడు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే గోడల మీద అంటించే పోస్టర్లన్నీ చేయలేని పని జరుగుతుంది. ఇది నా గట్టి నమ్మకం.

నొప్పిని నమ్ముకోకూడదనడానికి మరో పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది. డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కరెన్ వెటర్‌హాన్ విష లోహాల మీద పేరున్న నిపుణురాలు. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు ఆమె లేటెక్స్ గ్లవ్స్ మీద పడ్డాయి. అప్పటి నిబంధనల ప్రకారం ఆమె చేసిందంతా సరైనదే. నెలల తరబడి ఏమీ తెలియలేదు. 1997 జూన్‌లో ఆమె మరణించారు. ఆ ద్రవం అలాంటి గ్లవ్స్‌లోంచి సెకన్లలోనే దిగిపోతుందని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. అది వేరే రసాయనం, పని చేసే తీరూ వేరు. అయినా చేతికి గ్లవ్ ఉందని ధీమా పడేముందు అది ఏ గ్లవ్, దేన్ని ఎంతసేపు ఆపుతుంది అని అడగడం నేర్పిన చావు అది. హెచ్‌ఎఫ్ విషయంలోనూ పల్చటి నైట్రైల్ గ్లవ్ చిన్న చిందుకే పనికొస్తుంది. దాని మీద మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ గ్లవ్ ఉండాలి. పొడవు చాలా ముఖ్యం, మణికట్టు దాటి మోచేతి వైపు వెళ్లాలి. యాసిడ్‌ని ఆపే ఏప్రాన్, గాగుల్స్ మీద ఫేస్ షీల్డ్, కాలిని పూర్తిగా మూసే బూట్లు తప్పనిసరి. వాడేముందు గ్లవ్‌లోకి గాలి నింపి నొక్కి చూడండి, సూది మొనంత చిల్లు కూడా బయటపడుతుంది.

సీసా మూత తీసేముందు చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. జెల్ ట్యూబు ఎక్కడుందో కళ్లతో చూడాలి. ‘ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఉంటుందిలే’ అంటే కుదరదు, డబ్బా తెరిచి, ట్యూబు బయటికి తీసి, గడువు తేదీ చదవాలి. ఎంత గాలించినా కనబడకపోతే ఆ రోజు హెచ్‌ఎఫ్ పని లేదు. షవర్ గొలుసు లాగి నీళ్లొస్తున్నాయో లేదో చూసింది ఎప్పుడో అడగాలి. ఒంటరిగా అసలు చేయకూడదు, ముఖ్యంగా రాత్రిపూట, సెలవు రోజున. మొదటిసారి చేసేవాళ్లు రంగు కలిపిన నీళ్లతో మొత్తం పనిని ఒకసారి చేసి చూడాలి. చివర్లో గ్లవ్స్ మీదా బెంచి మీదా ఎక్కడెక్కడ రంగు అంటిందో చూస్తే మీ చేతుల తీరు మీకే తెలుస్తుంది. ఏ ఉపన్యాసమూ ఆ మరకలు నేర్పినంత నేర్పదు.

గాజు బీకర్లో హెచ్‌ఎఫ్ పోయకూడదు, గాజునే తినేస్తుంది. ఒలికినప్పుడు ఇసుక చల్లకూడదు, ఇసుకలోని సిలికాతో కలిసి విషవాయువు పుడుతుంది. సున్నం గానీ కాల్షియం కార్బొనేట్ గానీ పనికొస్తుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చేసే పిరానా ద్రావణం కూడా ఇలాంటి గదుల్లోనే కనిపిస్తుంది. దాన్ని వాడాక సీసాలో పోసి మూత బిగిస్తే లోపల పుట్టే వాయువుకి సీసా పేలుతుంది. అసిటోన్ లాంటి సాల్వెంట్లు దాని దరిదాపుల్లో ఉండకూడదు. నైట్రిక్ యాసిడ్ వ్యర్థాలకూ సాల్వెంట్ల వ్యర్థాలకూ వేరువేరు డబ్బాలు పెట్టేదీ ఇందుకే.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే మనిషి దగ్గరికి వద్దాం. పని అయిపోయాక బెంచి మీద ఒక చుక్క మిగిలింది. నీళ్లలాగే ఉంది. మీరు గౌను విప్పి, కాఫీకి వెళ్లిపోయారు. సాయంత్రం గదులు ఊడ్చే ఆవిడ వచ్చి, గుడ్డతో దాన్ని తుడిచేసింది. బెంగళూరులో పారిశుద్ధ్య పనిలో ఉన్నవాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలవాళ్లు చాలామంది. సీసా మీద ఇంగ్లిష్‌లో ఉన్న హెచ్చరిక ఆవిడ చదవలేదు, చదవమని ఎవరూ ఆశించనూ లేదు. రేపు వేళ్లు నల్లబడితే అది ఎక్కడ అంటుకుందో కూడా ఆవిడకు తెలియదు, డాక్టరుకు చెప్పలేకపోతుంది. పని ముగించడం అంటే బెంచి కడిగి, తుడిచి, తుడిచిన కాగితాన్ని సరైన డబ్బాలో వేసి, గ్లవ్స్ విప్పేముందు వాటినీ కడగడం. ఆ బెంచి దగ్గర కన్నడలో, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించడం మీ చేతిలో పని. ‘అమ్మా, ఈ బల్ల మాత్రం మేమే తుడుచుకుంటాం, మీరు ముట్టుకోవద్దు’ అని ఆవిడకు నోటితో చెప్పడం అంతకన్నా మంచి పని. తన శాస్త్రాన్ని తనకన్నా తక్కువ చదివిన మనిషికి అర్థమయ్యేలా చెప్పలేనివాడి చదువుకి నేను పెద్దగా విలువివ్వను.

ల్యాబులో యాసిడ్ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఈ దేశంలో ఒక రాతపూర్వక సమాధానం ఉంది, అది యాసిడ్ దాడుల కేసులోంచి వచ్చింది. 1999లో బెంగళూరులో, 2008లో వరంగల్‌లో, ఇంకా ఎన్నో ఊళ్లలో ఆడపిల్లల మీద యాసిడ్ పోసిన దారుణాలు మనకు తెలుసు. ఢిల్లీకి చెందిన యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన పిటిషన్ మీద 2013 జులైలో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాలకు హద్దులు గీసింది. ఆ ఉత్తర్వుల్లో దుకాణాల గురించిన భాగం పత్రికల్లో బాగానే వచ్చింది. కాలేజీలు, పరిశోధన ల్యాబులు, ఆస్పత్రుల గురించి ఉన్న భాగం అంతగా ఎవరికీ పట్టలేదు. యాసిడ్ వాడకానికి రిజిస్టరు పెట్టాలి. దాని నిల్వకు ఫలానా వ్యక్తి జవాబుదారీ అని నిర్ణయించాలి. ల్యాబులోంచి బయటికి వెళ్లే విద్యార్థులనూ సిబ్బందినీ తప్పకుండా తనిఖీ చేయాలి. మీ ల్యాబులో ఆ ఫలానా వ్యక్తి ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే రేపే అడగండి. రిజిస్టరులో ఎంత తీశారో ఎంత మిగిలిందో సరిగ్గా రాయడం గుమాస్తా పనిలా అనిపించవచ్చు. మీరు ‘సుమారు’ అని రాసిన 100 మిల్లీలీటర్లు ఎక్కడికి వెళ్లాయో తర్వాత ఎవరూ చెప్పలేరు.

2018 డిసెంబరు 5న ఐఐఎస్‌సీలోనే ఏరోస్పేస్ విభాగం ల్యాబులో గ్యాస్ సిలిండర్ పేలి ఒక యువ పరిశోధకుడు చనిపోయాడు, ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. అది యాసిడ్ ప్రమాదం కాదు. కానీ బెంగళూరులో ల్యాబుల భద్రత గురించి పెద్దవాళ్లంతా గట్టిగా మాట్లాడుకోవడం ఆ సంఘటన తర్వాతే మనకు వినిపించింది. సంస్థలు కూడా నొప్పి పుట్టాకే కదులుతాయి. మీరు అంతదాకా ఆగక్కర్లేదు. ఈ దేశం చిప్పుల తయారీకి 2021లో 76,000 కోట్ల రూపాయలతో పథకం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కి 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. వచ్చే పదేళ్లలో మన ఊళ్ల పిల్లలు ఎంతోమంది ఇలాంటి రసాయనాల ముందు నిలబడతారు. వాళ్ల తల్లిదండ్రులకు జీతం సంగతి తెలుస్తుంది, హెచ్‌ఎఫ్ సంగతి తెలియదు.

అందుకే ఈ చివరి భాగాన్ని ఫోన్‌లో దాచుకోండి. హెచ్‌ఎఫ్ పడిందని తెలిసినా, అనుమానం వచ్చినా, తడిసిన బట్టలు, గ్లవ్స్ విప్పేస్తూనే పారే నీళ్ల కింద కడగడం మొదలుపెట్టాలి. చేతికి అందేంత దూరంలో జెల్ ఉంటే ఐదు నిమిషాలు కడిగి జెల్‌కి మారాలి. లేకపోతే కనీసం పావుగంట కడగాలి, జెల్ వచ్చేదాకా ఆపకూడదు. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ని చర్మం మీద రుద్దుతూనే ఉండాలి, ఆరిపోతే మళ్లీ రాయాలి. రుద్దేవాళ్లు గ్లవ్స్ తొడుక్కోవాలి, లేకపోతే వాళ్లకూ అంటుకుంటుంది. వేళ్లకు పడితే, ముఖ్యంగా గోరు కిందికి పోతే, కొత్త గ్లవ్‌లో జెల్ నింపి చేతికి తొడిగేయాలి. కంట్లో పడితే నీళ్లు మాత్రమే, జెల్ కంట్లో వేయకూడదు. నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. తోడు ఒకరు రావాలి, ఆ రసాయనం సేఫ్టీ షీటు చేతిలో పెట్టుకుని రావాలి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసేటప్పుడే రసాయనం పేరు చెప్పాలి.

క్యాజువాలిటీలో ‘యాసిడ్ పడింది’ అని ఊరుకోకండి. హెచ్‌ఎఫ్ కేసు ఎప్పుడూ చూడని డాక్టరు అక్కడ డ్యూటీలో ఉండవచ్చు, పైకి కనిపించే గాయం చిన్నదే కాబట్టి పూత మందు రాసి పంపేయవచ్చు. ‘హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ డాక్టర్, ఇంత శాతం, ఇన్ని గంటలకు పడింది, రక్తంలో కాల్షియం చూడండి, ఈసీజీ తీయండి’ అని చెప్పండి. రాత్రి రెండింటికి పీజీలో మంట మొదలై, పగలు మీరు హెచ్‌ఎఫ్‌తో పనిచేశారని గుర్తొచ్చినా ఇదే వరస. రూమ్మేట్‌ని లేపండి, తెల్లారేదాకా ఆగకండి.